నిప్పురవ్వ ముందుగా ఏల పుట్టవలెను?

కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి సన్నిధిని వాహనపూజ చేయించుకొని సాగర్ రోడ్డెక్కిన కారు, సంవత్సరములు గడచిన పిమ్మట, ఎత్తు ఎక్కునపుడు టకటకమని కొట్టుకొనసాగినచో, మెకానిక్కు మొట్టమొదట నిప్పురవ్వ పుట్టు వేళనే పరీక్షించును. ఏల? పెట్రోలు తృటిలో మండునదే కాని, పిస్టను దానికొరకు ఆగదు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు క్రాంకు, సెకనులో వెయ్యవవంతు కాలమున 18 డిగ్రీలు తిరిగిపోవును. కావున పిస్టను పైకొసకు చేరకమునుపే రవ్వ పుట్టవలెను. మిక్కిలి ముందైనచో ఇంజను కొట్టుకొనును. ఆలస్యమైనచో బలము తగ్గి వేడెక్కును.

డిస్ట్రిబ్యూటరు గల పాత ఇంజెక్షను కార్లలో, కంప్యూటరు తనంతట వేళను మార్చుటను తయారీదారు చెప్పిన విధమున ఆపి, మొదటి ప్లగ్గు తీగకు టైమింగు లైటు తగిలించినచో, గిరగిర తిరుగు పుల్లీమీది గీత నిశ్చలముగ నిలిచినట్లు కనుపించును! ఆ దృశ్యము నెన్నిమారులు చూచినను తనివి తీరదు. అంతట బోల్టు వదులుచేసి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి త్రిప్పి, గీతను నిర్ణీతస్థానమునకు తెచ్చి బిగింతురు.

గాలి పెట్రోలుల మిశ్రమమునకు లెక్క వేరు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగ మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు తెలుపు వార్తనుబట్టి కంప్యూటరే ఇంజెక్టరు తెరచియుండు కాలమును సవరించును. అందుచే మిశ్రమము చెడినచో దానిని సవరించు స్క్రూకై వెదకక, దొంగగాలి చొరబడు పగిలిన రబ్బరుగొట్టమును ముందు వెదకవలెను.