ముక్కుతో వచ్చే మాట: అంగిలి కదలికను చూపే ఎంఆర్‌ఐ

ఒకసారి ముక్కు మూసుకుని ‘పాప’, ‘కాకి’, ‘తాత’ అనండి. మాటలో తేడా రాదు. ఇప్పుడు ‘మామ’ అనండి. ‘బాబ’లా వినిపిస్తుంది. మ, న, ణ లాంటి అక్షరాలకే గాలి ముక్కులోంచి పోవాలి. మిగతా హల్లులకు నోటి పైభాగం వెనక, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి పైకి లేచి, గొంతు వెనక గోడకు ఆని, ముక్కు దారిని మూసేస్తుంది.

ఆ దారి సరిగ్గా మూసుకోకపోతే ‘పాప’ కూడా ‘మామ’లా వినిపిస్తుంది. ఇంట్లో అలవాటైపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బడిలో తోటి పిల్లలు నవ్వుతారు. క్రమంగా ఆ బిడ్డ జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడం మానేస్తాడు.

గ్రహణానికి సంబంధం లేదు

మన ఊళ్లలో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం వల్ల ఇది రాదు, తల్లి చేసిన తప్పూ కాదు. గర్భంలో మొదటి మూడు నెలల్లోనే పెదవి, అంగిలి రెండు వైపుల నుంచీ వచ్చి అతుక్కోవాలి. అలా అతుక్కోకపోతే చీలిక మిగిలిపోతుంది. అంగిలి ఆపరేషన్ సాధారణంగా ఏడాదిన్నర లోపే చేస్తారు. ఆ తర్వాత కూడా కొందరు పిల్లల్లో ముక్కు మాట మిగిలిపోతుంది. మరికొందరిలో అంగిలి పైకి బాగానే కనిపిస్తుంది, కానీ లోపలి కండరం మాత్రం కలిసి ఉండదు. ఈ దాగిన చీలిక చాలాసార్లు బడి వయసు వచ్చాకే బయటపడుతుంది.

ఎంఆర్‌ఐ ఏం చూపిస్తుంది?

ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపితే అంగిలి పైవైపు కనిపిస్తుంది. ఎక్స్‌రే వీడియోలో దాని కదలిక నీడలా కనిపిస్తుంది, కానీ రేడియేషన్ ఉంటుంది. అంగిలిని పైకి లాగే కండరం ఈ రెండింటిలోనూ నేరుగా కనిపించదు. ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది, రేడియేషన్ ఉండదు. డైనమిక్ ఎంఆర్‌ఐ సెకనుకు అనేక చిత్రాలు తీస్తుంది కాబట్టి, బిడ్డ మాట్లాడుతుండగానే అంగిలి ఎలా లేస్తోందో సినిమాలా చూడవచ్చు. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శ్రీకాంత్ నారాయణన్ బృందం 2004లోనే మాట్లాడుతున్న మనిషి నోటిని ఇలా చిత్రించే పద్ధతిని ప్రచురించింది.

దీనివల్ల లాభం ఏమిటంటే, కండరం రెండు ముక్కలుగానే ఉంటే దాన్ని మళ్లీ కలపాలి. కండరం బాగుండి అంగిలి పొట్టిగా ఉంటే పొడవు పెంచాలి. రెండూ సరిగ్గా ఉండి పలికే అలవాటే తప్పయితే స్పీచ్ థెరపీ చాలు. ఏది అవసరమో ముందే తెలిస్తే అనవసరమైన ఆపరేషన్ తప్పుతుంది.

పరిమితులూ ఉన్నాయి. యంత్రం పెద్ద చప్పుడు చేస్తుంది. బిడ్డ మెలకువగా, కదలకుండా పడుకుని, చెప్పిన మాటలు పలకాలి. అందుకే మరీ చిన్నపిల్లలకు కుదరదు. ఖర్చు ఎక్కువ, ప్రతి స్కానింగ్ సెంటర్‌లోనూ చేయరు. స్పీచ్ థెరపిస్ట్ చెవితో విని చేసే పరీక్షే ఇప్పటికీ మొదటి మెట్టు.

మీరు గమనించాల్సినవి

• పసితనంలో పాలు ముక్కులోంచి రావడం
• కొండనాలుక రెండుగా చీలి ఉండటం
• తరచూ చెవిపోటు, చెవిలో చీము
• ‘ప, బ, స’ పలికేటప్పుడు ముక్కులోంచి గాలి రావడం

ఇలాంటి పిల్లలకు అడినాయిడ్స్ తీయించాల్సి వస్తే, ముందుగా డాక్టర్‌కు ఈ సంగతి చెప్పండి. అవి తీశాక ముక్కు మాట పెరగవచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి ఉంది. అయితే దాని వైద్య బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. మనలాంటి ప్రైవేటు బడుల పిల్లల విషయంలో ముందుగా గమనించాల్సింది తల్లిదండ్రులు, టీచర్లే. పాలకీడు, మిర్యాలగూడ, కోదాడ వైపు వారు మొదట పిల్లల డాక్టర్‌కు గానీ ఈఎన్‌టీ డాక్టర్‌కు గానీ చూపించవచ్చు. మాట పరీక్షకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అంగిలి మూసుకోని బిడ్డను “సరిగ్గా మాట్లాడు” అని గద్దిస్తే మాట మారదు, మాట్లాడటం తగ్గుతుంది. మీ బిడ్డ విషయంలో అనుమానం ఉంటే క్లాస్ టీచర్‌కు చెప్పండి. చదివి వినిపించమన్నప్పుడు తొందరపెట్టకుండా చూసుకుంటారు.