కుక్కపిల్ల ఆహారము – అజీర్తి

వీధికుక్కపిల్లను దయతో ఇంటికి తెచ్చినవారు మొదట గిన్నెనిండా ఆవుపాలు పోస్తారు. దాని విరేచనాలకు తరచు ఆ పాలే కారణం. తల్లికుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలోకంటె సుమారు రెండింతలు. లాక్టోజ్ అనే పాలచక్కెర మాత్రం తక్కువ. పైగా పాలు మానే వయసులో ఆ చక్కెరను జీర్ణించుకొనే శక్తి క్షీణిస్తుంది. జీర్ణం కాని చక్కెర పేగులలోనికి నీటిని లాగి విరేచనాలు కలిగిస్తుంది.

పాలు విడిచిన అట్టి పిల్లకు మెత్తని అన్నంలో, ఉప్పుకారాలు లేక ఉడికించిన ఎముకలేని కోడిమాంసం కలిపి, రోజుకు 4 మార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నశింపజేస్తాయి. ఎదుగుదలకు వలసిన కాల్షియం ఈ పథ్యంలో చాలదు. కనుక కుదుటపడిన పిమ్మట కుక్కపిల్లల సమగ్రాహారాన్ని కలుపుతూ 7 రోజులలో మార్చాలి.

వాంతులు, రక్తవిరేచనాలు కనిపిస్తే అది ప్రాణాంతకమైన పార్వో వ్యాధి కావచ్చు. ఆహారం మార్చి చూస్తూ కాలయాపన చేయక, తక్షణమే పశువైద్యునికి చూపాలి.