ఏ పని ఆగితే అన్నీ ఆగిపోతాయి?

కాలువ షట్టర్ నుంచి డ్యాం గేట్ల దాకా... గడువు గుట్టు చెప్పే బాణాల పటం

2024 ఆగస్టు 10 రాత్రి. తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. నిండు జలాశయంలోంచి నీళ్లు నదిపాలయ్యాయి. బళ్లారి, కొప్పళ, రాయచూరు జిల్లాల రైతులకు ఆ వారం కంటిమీద కునుకు లేదు. గంగావతి, సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో తరాలుగా వరి పండిస్తున్న తెలుగు కుటుంబాలదీ, ఎగువ కాలువను నమ్ముకున్న అనంతపురం రైతులదీ అదే పరిస్థితి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు సలహాతో తాత్కాలికంగా స్టాప్‌లాగ్ పలకలు దించారు. ఆగస్టు 17 నాటికి ప్రవాహం ఆగింది.

వారం రోజుల్లో అంత పని ఎలా అయింది? ఒకటి పూర్తయ్యాక మరొకటి మొదలుపెడదామని కూర్చోలేదు కాబట్టి. ఒకపక్క వర్క్‌షాపుల్లో పలకలు తయారవుతుంటే, మరోపక్క మిగతా గేట్లెత్తి నీటిమట్టం తగ్గించారు. ఏ పని దేనికోసం ఆగాలి, ఏ పనులు పక్కపక్కనే నడవొచ్చు అన్నది తెలిస్తేనే ఇలాంటివి సాధ్యం. దీన్ని కాగితం మీద బాణాలతో గీసి చూపించే పద్ధతే నెట్‌వర్క్ పటం. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు పెర్ట్, సీపీఎం అని చదువుకునేది దీన్నే.

పుట్టింది ఫ్యాక్టరీలో, పెరిగింది నౌకాదళంలో

అంతకుముందు అందరికీ తెలిసింది బారు చార్టు. 20వ శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ గాంట్ దానికి ప్రాచుర్యం తెచ్చారు. ఏ పని ఏ తేదీన మొదలై ఏ తేదీకి ముగుస్తుందో అడ్డగీతలతో చూపుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒక పని నాలుగు రోజులు ఆలస్యమైతే మిగతావాటిలో ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది ఆ పాత చార్టు చెప్పేది కాదు.

ఆ లోటు తీర్చే ప్రయత్నం 1957లో అమెరికాలో మొదలైంది. డ్యూపాంట్ రసాయనాల కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతిని తయారుచేశారు. సంక్షిప్తంగా సీపీఎం. ఫ్యాక్టరీ కట్టడానికీ, మరమ్మతుకు ఆపిన యంత్రాలను త్వరగా మళ్లీ నడిపించడానికీ ఇది పనికొచ్చింది. దాదాపు అదే సమయంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పథకం కోసం పెర్ట్ పద్ధతిని తెచ్చింది. 1960లో నీటి అడుగున ఉన్న జలాంతర్గామి నుంచి పొలారిస్ ఎగిరింది. అదంతా పెర్ట్ చలవేనా అన్నదానిపై తరువాత చాలా వాదనలే నడిచాయి. పద్ధతి మాత్రం ప్రపంచమంతా పాకింది. 1961లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ ఫొండాల్ కంప్యూటర్ లేకుండా చేత్తోనే వేసుకునే తీరు చూపించారు. మనకు పనికొచ్చేది అదే.

ఒక షట్టర్ లెక్క

పిల్లకాలువ మీద పాడైన షట్టర్ మార్చాలనుకుందాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. కొలతలు తీసుకోవడానికి 2 రోజులు. వర్క్‌షాపులో కొత్త షట్టర్ తయారీకి 12. అడ్డుకట్ట వేసి నీళ్లు తోడడానికి 5. పాత షట్టర్ పీకి, దిమ్మెలు సరిచేసి కాంక్రీటు వేయడానికి 3. కాంక్రీటు గట్టిపడేందుకు 7. కొత్తది బిగించడానికి 2. పరీక్షకు 1.

అన్నీ కూడితే 32 రోజులు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే అంతే పడుతుంది. కానీ కొలతలు అయిన మరుక్షణం నుంచి వర్క్‌షాపు పని అక్కడ, కాలువ పని ఇక్కడ సాగొచ్చు కదా! కాబట్టి పటంలో కొలతల దగ్గర దారి రెండుగా చీలుతుంది. బిగించే చోట మళ్లీ కలుస్తుంది.

మొదటి దారి: కొలతలు, తయారీ, బిగింపు, పరీక్ష. మొత్తం 17 రోజులు.

రెండో దారి: కొలతలు, నీళ్లు తోడడం, కాంక్రీటు, గట్టిపడటం, బిగింపు, పరీక్ష. మొత్తం 20 రోజులు.

పని ముగిసేది 20వ రోజునే. పొడవైన దారే గడువును తేలుస్తుంది. అదే క్రిటికల్ పాత్. దాని మీదున్న ఏ పని ఒక్క రోజు జారినా మొత్తం పని ఒక రోజు జారుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. అన్నింటికన్నా ఎక్కువ రోజులు పట్టే పని ఏది? షట్టర్ తయారీ, 12 రోజులు. ఎవరినడిగినా 'వర్క్‌షాపు వాళ్లను తొందరపెట్టండి' అంటారు. కానీ ఆ పని క్రిటికల్ పాత్ మీద లేనే లేదు! షట్టర్ 14వ రోజుకే సిద్ధమవుతుంది. బిగించడానికి చోటు సిద్ధమయ్యేది 17వ రోజున. మధ్యలో మూడు రోజుల వెసులుబాటు. ఇంజనీర్లు దీన్ని ఫ్లోట్ అంటారు. వర్క్‌షాపుకు ఓవర్‌టైం డబ్బులిచ్చి రెండు రోజులు ముందే చేయించినా, షట్టర్ గట్టు మీద పడి ఉండటం తప్ప రైతుకు ఒక్క గంట కలిసిరాదు.

అదే డబ్బుతో ఇంకో పొక్లెయిన్, ఇంకో మోటారు తెచ్చి నీళ్లు తోడే పనిని 5 రోజుల నుంచి 3కు తగ్గిస్తే? మొత్తం పని 18 రోజులకు దిగుతుంది. ఇంకో రోజు తగ్గిస్తే 17. అప్పుడు రెండు దారులూ సమానమవుతాయి. ఆపైన తగ్గించాలంటే రెండింటినీ కలిపి తగ్గించాల్సిందే. కాంక్రీటు గట్టిపడే 7 రోజుల్లో మాత్రం కోత పెట్టకూడదు. పెడితే నాణ్యతే పోతుంది.

ఇనుము రాకపోతే?

పని ఇన్ని రోజులే పడుతుందని గట్టిగా చెప్పలేనప్పుడు పెర్ట్ మూడు అంచనాలు అడుగుతుంది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు? మామూలుగా ఎన్ని? అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని? మామూలు అంచనాను నాలుగు రెట్లు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. షట్టర్ తయారీకి 10, 12, 20 అనుకుంటే 13 రోజులొస్తుంది. వెసులుబాటు మూడు నుంచి రెండుకు తగ్గిందన్నమాట.

ఇనుప పలకలు సమయానికి రాక నిజంగానే 20 రోజులు పడితే మొదటి దారి 25 రోజులవుతుంది. అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న వర్క్‌షాపు పనే క్రిటికల్ అయి కూర్చుంటుంది. అందుకే పటాన్ని ఒకసారి గీసి గోడకు తగిలిస్తే చాలదు. వారం వారం దిద్దుకోవాలి.

33 గేట్ల చిక్కు

తుంగభద్ర డ్యాంకు ఉన్నవి 33 గేట్లు. 19వ గేటు పోయాక పాతవన్నీ మార్చాలని నిర్ణయించారు. జాగ్రత్త కోసం 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గర ఆపారు. గేట్ల పని కోసం 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వకూడదనీ నిర్ణయించారు. రైతు ఒక పంట వదులుకుంటేనే దొరికే గడువు అది.

ఈ పనిని బాణాల్లో గీస్తే చిక్కు ఇట్టే కనబడుతుంది. కొత్త గేట్లను వర్క్‌షాపులో ఏ నెలలోనైనా తయారు చేయొచ్చు. పాతవి విప్పి కొత్తవి బిగించాలంటే మాత్రం నీటిమట్టం గేట్లు ఆనే అంచు కన్నా కిందికి దిగాలి. అంచు 1,613 అడుగుల దగ్గర, నిండు మట్టం 1,633 అడుగులు. మళ్లీ వరద మొదలయ్యేలోగా బిగింపు ముగియాలి. రెండు వైపులా వానలే హద్దు. వాటిని ఏ టెండరూ జరపలేదు. ఇలాంటి చోట తయారీ ముందే మొదలుకావాలి. గేట్లు సిద్ధంగా ఉండి నీళ్లు దిగే వరకు ఆగితే నష్టం లేదు. నీళ్లు దిగాక గేట్ల కోసం ఆగితే పోయేది రైతు పంట.

పటం పంచాంగం కాదు

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. రోజుల అంచనాలు తప్పుడువైతే, ఎంత చక్కగా గీసినా తేలేది తప్పుడు తేదీయే. ఒకే క్రేన్ రెండు చోట్ల కావాలంటే పటంలో పక్కపక్కన కనిపించే పనులు నిజంలో పక్కపక్కన నడవవు. బిల్లు రాలేదనో, భూమి ఇవ్వలేదనో ఆగే రోజులను కూడా పనిగా లెక్కేసి పటంలో చూపాలి. చాలా పనులు ఆగేది అక్కడే.

మీరే గీయండి

ఇల్లు కట్టినా, పెళ్లి చేసినా, బోరు వేయించినా పద్ధతి ఇదే.

* పనులన్నీ విడివిడి చీటీల మీద రాయండి. ఒక్కోదానికి ఎన్ని రోజులో వేయండి.
* ప్రతి చీటీ మీద 'దీనికి ముందు ఏది అయిపోవాలి?' అన్న ప్రశ్నకు జవాబు రాయండి.
* చీటీలను నేల మీద పరిచి, ముందుదాని నుంచి తర్వాతదానికి బాణం గీయండి.
* మొదటి నుంచి చివరికి ఉన్న ప్రతి దారిలో రోజులు కూడండి. పెద్ద మొత్తం వచ్చిన దారికి ఎర్ర గీత పెట్టండి.
* డబ్బు, మనుషులు, మీ కన్ను... మూడూ ముందు ఎర్ర గీత మీదే ఉండాలి.

కాలువ పనులు జరిగేటప్పుడు అధికారులను 'ఎప్పటికి అవుతుంది సార్?' అని అడుగుతాం. 'త్వరలోనే' అంటారు. ఈసారి ప్రశ్న మార్చి చూడండి: 'ఇప్పుడు మొత్తం పని ఏ పని కోసం ఆగి ఉంది? అది జారితే నీళ్లు ఎన్ని రోజులు జారతాయి?' ఆ జవాబును బట్టే నారు ఎప్పుడు పోయాలో రైతు తేల్చుకోగలడు.