పిల్లల దవడ వాపు తగ్గట్లేదా? మాత్రలతో సరిపెట్టొద్దు.. ఈ పరీక్షలు చేయించాల్సిందే!

పిల్లాడి దవడ ఒక పక్క ఉబ్బింది. నొప్పి పెద్దగా లేదు. ఖమ్మం జిల్లా ఏన్కూరు లాంటి అటవీ సరిహద్దు మండలాల్లో ముందుగా గుర్తొచ్చేది ఊళ్లోని ఆర్‌ఎంపీయే. నాలుగు రోజుల మాత్రలు, ఒక ఇంజెక్షన్. వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి.

అసలేంటీ వాపు?

పుచ్చు పన్ను నుంచి ఇన్ఫెక్షన్ దవడ ఎముకలోకి దిగితే, పిల్లల్లో ఒక్కోసారి ఎముక పైన కొత్త ఎముక పొరలు పొరలుగా పెరుగుతుంది. అందుకే చీముగడ్డలా మెత్తగా ఉండదు, గట్టిగా చేతికి తగులుతుంది. దీన్ని గారే ఆస్టియోమైలైటిస్ అంటారు. 1893లో ఎముకల ఇన్ఫెక్షన్ గురించి రాసిన స్విస్ సర్జన్ కార్ల్ గారే పేరే దీనికి పెట్టారు. ఇది అరుదే.

ఎక్కువగా ఏ పన్ను వల్ల?

ఆరేళ్లప్పుడు కింది దవడలో వచ్చే పెద్ద పన్ను. పాలపళ్లు ఊడకుండానే వాటి వెనక వస్తుంది కాబట్టి, అదీ పాలపన్నే అనుకుని చాలామంది పట్టించుకోరు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

ఎలా గుర్తిస్తారు?

ముందు దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్. వాటిలో ఎముక ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే! ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లోనూ ఇలాంటి పొరలే కనిపించొచ్చు. పుచ్చు పన్ను దొరికితే రూట్ కెనాల్ చేస్తారు, లేదా పన్ను తీసేస్తారు. యాంటీబయాటిక్స్ ఇస్తారు. ఆ తర్వాత వాపు మెల్లగా, కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, అసలు పుచ్చు పన్నే కనిపించకపోయినా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిందే. టీబీ, ఫంగస్ లాంటివీ అందులోనే బయటపడతాయి.

పెద్దల్లో అయితే?

కరోనా సెకండ్ వేవ్‌లో బ్లాక్ ఫంగస్ చాలామందికి పైదవడ వాపు, కదిలే పళ్లతోనే బయటపడింది. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లే ఎక్కువగా దాని బారిన పడ్డారు. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేసింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని నోడల్ కేంద్రంగా పెట్టింది.

ఏం చేయాలి?

రెండు వారాలైనా వాపు తగ్గకపోతే ఖమ్మం బస్సెక్కండి. అక్కడ ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, మమతా డెంటల్ కాలేజీ ఉంది. వాడిన మందుల చీటీలు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. జ్వరం, నోరు తెరవలేకపోవడం, పెదవి తిమ్మిరి, మింగడంలో ఇబ్బంది ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.)