డిక్కీలో దొరికిన సాక్షి

సైనిక్‌పురిలో మా పుట్టింటి పోర్టికోలో నాన్నగారి ఫియట్ 1100 ఉంది. 1968 నాటిది. ముంబయి కుర్లాలో తయారైన ఆ మోడలే 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా మనందరికీ పరిచయం. నాన్నగారు పోయాక అందరూ అమ్మేయమన్నారు. అమ్మ ససేమిరా అంది. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేని కార్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది కదా, అదేదో చూద్దామని ముందు పెయింటుకిచ్చాను.

బండి తిరిగొచ్చింది. చక్రాలు వెండిరంగులో మెరిసిపోతున్నాయి. అమ్మ మొహం చిన్నబోయింది. "ఇవి మనవి కావే" అంది. షెడ్డు అతను "అవేనండీ, రంగే వేశాం" అంటాడు. ఎవరిని నమ్మాలి?

నాచారంలో నాన్నగారి బళ్లు చూసిన పెద్దాయన ఉన్నారు. ఫోన్ చేస్తే ఒక్కటే మాటన్నారు: "డిక్కీలో స్టెప్నీ చూడమ్మా. అది బయటికొచ్చేదే తక్కువ. మార్చకుండా ఉంటే అదే సాక్షి." (వేల్స్‌లోని లానెల్లీలో స్టెప్నీ వీధిలో 1904లో అదనపు చక్రాలు తయారుచేశారు. మనం ఇప్పటికీ వాడే పేరు అక్కడిదే!)

మర్నాడు ఆయనే వచ్చి, బండిని జాకీ మీద లేపి చక్రాలు విప్పారు. గాలి పట్టే కన్నం దగ్గర, రిమ్ము లోపలివైపు రంగుని థిన్నర్ గుడ్డతో తుడిచారు. గ్రైండర్ పెడితే అచ్చు అరిగిపోతుందట. కొలత, తయారీదారు గుర్తు బయటపడ్డాయి. మా బండికి 14 అంగుళాల రిమ్ము. కొన్నిటి మీద తయారీ తేదీ కూడా ఉంటుంది. అది కారు పుట్టిన తేదీకి కాస్త ముందుండాలి, తర్వాతిదైతే మార్చినట్టే. డిస్కు కన్నాలు, క్యాప్ పట్టుకునే బుడిపెలు కూడా స్టెప్నీతో పోల్చాలి. టైరు మీది అంకెలు చూసి మోసపోకూడదు, టైర్లు ఎన్నోసార్లు మారతాయి.

మూడు కలిశాయి. రెండు కలవలేదు! కొలత ఒకటే, గుర్తు వేరు. కోపంతో చెప్పులేసుకున్నాను, పోట్లాటకి.

"ఆగవే" అంటూ అమ్మ ట్రంకుపెట్టెలోంచి నాన్నగారి ఫైలు తెచ్చింది. అందులో 1983 నాటి బిల్లు: రెండు రిమ్ములు. పక్కన ఆయన చేతిరాత: "గోతిలో దింపాను. తప్పు నాదే." ఇంట్లో చెప్పనేలేదు. క్యాప్‌ల కింద నలభై ఏళ్లు దాగిన రహస్యం! అమ్మ నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

ఆ రెండూ మార్చలేదు. పగుళ్లు లేవని తేల్చుకుని అలాగే ఉంచాం. షెడ్డు అతనికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, షెడ్డుకిచ్చే ముందు స్టెప్నీతో సహా అయిదు చక్రాల గుర్తులూ ఫొటో తీసుకోండి. పాత బిల్లులు పారేయకండి. నిందవేసే ముందు డిక్కీ ఓసారి తెరవండి!