ప్రసారం సరే... పరామర్శ మాటేమిటి?

అపొస్తలుడైన యోహాను తన రెండో పత్రికను చాలా క్లుప్తంగా ముగించాడు. చెప్పాల్సిన సంగతులు ఎన్నో ఉన్నా వాటిని కాగితంతో, సిరాతో రాయడం తనకిష్టం లేదని, స్వయంగా వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశిస్తున్నానని, అప్పుడే సంతోషం సంపూర్ణమవుతుందని అన్నాడు (2 యోహాను 12). మూడో పత్రిక చివర కూడా ఇదే మాట. కాగితం, సిరా ఆనాటి సాంకేతిక పరిజ్ఞానం. యోహాను వాటిని కాదనలేదు. కాదని ఉంటే ఆ పత్రిక మనదాకా వచ్చేదే కాదు. అయితే ఉత్తరం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు బాగా తెలుసు.

కొత్త పరికరాలను చూసి సంఘం బెదిరిపోయిందన్నది నిజం కాదు. చుట్టలుగా ఉండే గ్రంథాలే చలామణిలో ఉన్న రోజుల్లో, పుటలు కుట్టిన పుస్తక రూపాన్ని ముందుగా అక్కున చేర్చుకున్నది తొలి క్రైస్తవులే. 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలు సంగతి అందరికీ తెలిసిందే. 1812లో అగ్నిప్రమాదానికి శ్రీరాంపూర్ ముద్రణాలయం కాలిపోయినా విలియం కేరీ బృందం పట్టు వదలకుండా 1818లో తెలుగు కొత్త నిబంధనను వెలువరించింది. 1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధన రేడియోలో ప్రసారమైంది. కనుక ఇవాళ ఆలయంలో తెరమీద పాట కనిపిస్తే, యువకులు సెల్‌ఫోన్‌లో బైబిలు తెరిస్తే నొచ్చుకోవాల్సిన పనిలేదు. చూపు మందగించిన పెద్దలకు తెరమీది పెద్ద అక్షరాలు ఎంత మేలో వాళ్లనే అడగండి. (నాలుగు చరణాల కీర్తనను రెండు చరణాలకు కుదించేస్తున్నారన్నదే నా ఫిర్యాదు. ఆ తప్పు తెరది కాదు, మన తొందరది.)

అసలు చిక్కు వేరే చోట ఉంది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగ రోజున ఆలయాలు మూతపడి ఉన్నాయి. కాపరులు ఖాళీ బెంచీల ముందు నిలబడి సెల్‌ఫోన్‌లోకి చూస్తూ పునరుత్థాన సందేశం చెప్పారు. జూన్ 8 నుంచి ఆరాధనా స్థలాలు తెరవడానికి అనుమతి వచ్చింది కానీ, 65 ఏళ్లు దాటినవారు, జబ్బుపడినవారు ఇంటి దగ్గరే ఉండటం మంచిదని ప్రభుత్వం సలహా ఇచ్చింది. అది న్యాయమైన సలహాయే. ఆ గడువు తీరి ఏళ్లు గడిచాయి. నాకు తెలిసిన అనేక సంఘాల్లో ఆ పెద్దలలో కొందరు మాత్రం తిరిగి రాలేదు. మోకాళ్లు సహకరించవు, ఆటో ఎక్కించేవారు ఉండరు. వారికి లైవ్ ప్రసారం దేవుడిచ్చిన మేలే. ఊళ్లో ఉన్న తల్లి, డల్లాస్‌లో ఉన్న కొడుకు ఒకే సందేశం వినగలుగుతున్నారు.

కానీ ఆ మేలుతోపాటు ఒక అలవాటు చాపకింద నీరులా వచ్చేసింది. ఫలానా అమ్మగారు మూడు నెలలుగా కనబడటం లేదే అంటే, ‘లైవ్‌లో చూస్తూనే ఉన్నారండీ’ అన్న జవాబు వస్తోంది. ఆ మాటతో పరామర్శ ముగిసిపోతోంది. ఎంతమంది చూశారో ఫోను చెబుతుంది. తప్పిపోయిన గొర్రె ఏదో చెప్పదు. లూకా 15లోని కాపరి తొంభై తొమ్మిది లెక్కకు వచ్చాయని తృప్తిపడి ఉంటే ఆ ఉపమానమే లేదు.

యేసుప్రభువు దూరం నుంచే శతాధిపతి దాసుణ్ని బాగుచేయలేదా అని ఒక యువకుడు నన్నడిగాడు. మంచి ప్రశ్నే. మత్తయి సువార్త 8వ అధ్యాయంలో ఆ అద్భుతం ఉంది. అయితే అదే అధ్యాయంలో దానికి ముందు, ఎవరూ ముట్టుకోని కుష్ఠరోగిని ప్రభువు చెయ్యిచాపి ముట్టుకున్నాడు. ఆ తర్వాత పేతురు ఇంటికి వెళ్లి, జ్వరంతో పడివున్న అతని అత్త చెయ్యి ముట్టాడు. మాట ఒక్కటే చాలినవాడు కూడా గడపదాటి లోపలికి వెళ్లాడు.

రెండో శతాబ్దపు సంఘానికీ ఆలయానికి రాలేనివారు ఉండేవారు. క్రీ.శ. 155 ప్రాంతంలో హతసాక్షి జస్టిన్ రోమా చక్రవర్తికి రాసిన విజ్ఞాపనలో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. పట్నాల్లో, పల్లెల్లో ఉన్నవారంతా ఒకచోట చేరతారు, అపొస్తలుల, ప్రవక్తల రాతలు చదువుతారు, సంఘనాయకుడు హితబోధ చేస్తాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. ఆ తర్వాత, రాలేకపోయినవారి ఇళ్లకు పరిచారకులు వాటిని తీసుకెళ్లి ఇస్తారు. కానుకలు విధవరాండ్రకు, అనాథలకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి చేరతాయి. అంటే ఆనాడు ఆరాధన ఇంటింటికీ చేరింది పరిచారకుల కాళ్లమీద!

లాక్‌డౌన్‌లో కొన్ని సంఘాలవారు ఎవరింట్లో వారు రొట్టె, ద్రాక్షారసం సిద్ధపరచుకుని తెర ముందు ప్రభుబల్లలో పాలుపొందారు. వేరే దారి లేని రోజులవి. వారిని నేను తప్పుపట్టను. కానీ దారులన్నీ తెరుచుకున్నాక కూడా, నాలుగు వీధుల అవతల మంచంలో ఉన్న విశ్వాసిని తన రొట్టె తానే విరుచుకొమ్మనడం నాకు సమ్మతం కాదు. కొరింథులో ఎవరి భోజనం వారు ముందుగా తినేస్తున్నారనే కదా పౌలు అంతగా మందలించాడు (1 కొరింథీ 11:21)!

మా సంఘంలో కెమెరా చూసుకునే కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నెలకోసారి ప్రభుబల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకుని మంచంపట్టినవారి ఇళ్లకు వెళ్లేటప్పుడు అతణ్నీ వెంటబెట్టుకు వెళ్తున్నాం. మొదటిసారి ఎనభై దాటిన ఒక విధవరాలి ఇంటికి వెళ్లాం. ప్రార్థనయ్యాక ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

‘‘మాటలు బాగానే వినబడుతున్నాయి నాన్నా. ఎంతసేపూ అయ్యగారినే చూపిస్తావేం? ఆడవాళ్లవైపు మూడో వరుసలో, కిటికీ పక్కన నేను కూర్చునేదాన్ని. అక్కడిప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?’’

కుర్రాడికి తెలియదు. మరుసటి ఆదివారం ఆశీర్వాదం అయ్యాక కెమెరాను స్టాండు నుంచి తీసి, ఆడవాళ్లవైపు నెమ్మదిగా నడిచాడు. కిటికీ పక్కన చోటు ఖాళీగానే ఉంది. ఆ పక్కనున్న అక్క సంగతేమిటని అడిగి, కెమెరాలోకి చూస్తూ ‘వందనాలమ్మా’ అంది. ఆ సాయంత్రం ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఆమె ఇంటికి వెళ్లారు.