మాహె వంతెన దాటాక

లద్దాఖ్‌లో త్సో మోరిరి, త్సో కర్ సరస్సుల దారి ఇంకా సద్దు లేకుండానే ఉంది. అది రేపూ అలాగే ఉండాలంటే అక్కడికి వెళ్లే పర్యాటకులు కారు దిగి సైకిలెక్కాలి.

లేహ్ నుంచి సింధు నదికి ఎదురుగా వెళ్తే ఉప్షి వస్తుంది. మనాలికి పోయే రద్దీ రహదారి అక్కడ కుడికి విడిపోతుంది. నదిని వదలకుండా సాగితే వేడినీటి ఊటల చుమాథాంగ్, ఆ తర్వాత మాహె. సరిహద్దు ఊళ్లకు వెళ్లే ప్రధాన దారి న్యోమా వైపు ముందుకే పోతుంది. మాహె దగ్గర వంతెన దాటి దక్షిణానికి మళ్లే చిన్న దారి మాత్రం సుమ్‌దో మీదుగా త్సో మోరిరి ఒడ్డునున్న కోర్జోక్ గ్రామానికి చేరుస్తుంది. మళ్లీ సుమ్‌దో దాకా వెనక్కి వచ్చి, నేలలోంచి ఆవిరి చిమ్మే పూగా లోయలోంచి వెళ్లి, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున్న పోలోకోంగ్కా లా కనుమ దాటితే త్సో కర్ కనిపిస్తుంది. అక్కడి నుంచి మనాలి రహదారిని అందుకుని, 5,328 మీటర్ల తాంగ్లాంగ్ లా ఎక్కి దిగితే తిరిగి ఉప్షి, లేహ్. మొత్తం 450 నుంచి 500 కిలోమీటర్ల చుట్టు. దేశంలో సైకిల్ తొక్కడానికి ఇంత అందమైన, ఇంత తక్కువ రద్దీ ఉన్న దారులు బహు కొద్ది. సుమ్‌దో చుట్టుపక్కల మైళ్ల కొద్దీ చక్రం చప్పుడు, గాలి హోరు తప్ప మరేమీ వినపడని ఘడియలు ఇప్పటికీ దొరుకుతాయి.

అయితే ఈ నిశ్శబ్దం ఎవరూ పూనుకుని కాపాడితే నిలిచింది కాదు. దూరం ఎక్కువ, అనుమతి పత్రాలు కావాలి, బస తక్కువ. అందుకే నిలిచింది. ఆ అడ్డంకులు తొలగితే ఏమవుతుందో చూడాలంటే అదే లద్దాఖ్‌లోని పాంగాంగ్‌ను చూస్తే చాలు. 2009లో ‘3 ఇడియట్స్’ సినిమా ఆ సరస్సును ఇంటింటికీ చేర్చింది. ఆ తర్వాత ఒడ్డునే గుడారాల వరసలు, ఫొటోల కోసం క్యూలు వచ్చి చేరాయి. 2011 లెక్కల ప్రకారం లద్దాఖ్ జనాభా 2,74,289. 2022లో అక్కడికి వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు. అంటే ఇంట్లో ఉన్నవాళ్ల కంటే వచ్చిన చుట్టాలే ఎక్కువ. ఆ ఒత్తిడిలో కాస్త భాగం మాహె వైపు మళ్లినా ఈ చిన్న దారి తట్టుకోలేదు. కాబట్టి ముంపు వచ్చాక గట్టు కట్టడం కాదు, ఇప్పుడే ఒక నియమం పెట్టుకోవాలి: మాహె వంతెన దాటాక పర్యాటకుల సొంత కార్లు, అద్దె కార్లు, మోటార్‌సైకిళ్లు వద్దు. సైకిళ్లు, నిర్ణీత వేళల్లో నడిచే బస్సులు చాలు.

సరస్సు మోయగలిగినంత

ఈ నియమానికి మొదటి ఆధారం ఆ సరస్సుల నీళ్లలోనే ఉంది. త్సో మోరిరి దాదాపు 4,500 మీటర్ల ఎత్తులో ఉన్న విశాలమైన సరస్సు. మంచు కరిగి వచ్చే వాగులు అందులో కలుస్తాయి కానీ అందులోంచి ఏ నదీ బయటికి పోదు. త్సో కర్‌దీ అదే తీరు. మంచినీటి స్తార్త్సాపుక్ త్సో పొర్లి త్సో కర్‌లో పడుతుంది, అక్కడ నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఒకప్పుడు చాంగ్‌పా పశుపోషకులు ఆ ఉప్పును ఎత్తుకెళ్లి ధాన్యానికి మారకం వేసుకునేవారు. ఇలాంటి సరస్సులో చేరిన మురుగు కొట్టుకుపోదు, అక్కడే పేరుకుంటుంది. ఒడ్డున ఉన్న పచ్చిక బయళ్లదీ అదే కథ. అక్కడ గడ్డి పెరిగేది వేసవిలో కొన్ని వారాలే. కారు దారి తప్పి తొక్కిన చెమ్మ నేల మీద ఆ గాడి ఏళ్ల తరబడి మానదు. మన దేశంలో నల్లమెడ కొంగ గూడు కట్టుకునేది లద్దాఖ్ చిత్తడి నేలల్లోనే, అదీ సరిగ్గా పర్యాటకులు వచ్చే వేసవి నెలల్లోనే. శిబిరాల దగ్గర పారేసిన తిండితో పెరిగిన వీధికుక్కలు ఆ గుడ్లను, పిల్లలను తినేస్తున్నాయి. వాహనం తెచ్చేది పొగ ఒక్కటే కాదు. దాని వెనకాలే మందీ, గుడారాలూ, చెత్తా, కుక్కలూ వస్తాయి.

రెండో ఆధారం మనిషి ఒంట్లో ఉంది. త్సో మోరిరి ఎత్తులో ఒక శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో 60 శాతం లోపే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచుకోవద్దని కొండల వైద్యం తెలిసినవాళ్ల సలహా. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ కారెక్కినవాళ్లు ఆ సాయంత్రమే కోర్జోక్‌లో పడుకుంటే ఒక్కరోజులో 1,000 మీటర్లు ఎక్కినట్టు. అదే 220 కిలోమీటర్లు సైకిల్‌పై వెళ్లేవాళ్లకు ఉప్షి, చుమాథాంగ్, మాహె మెట్లలా అందుతాయి, నాలుగైదు రోజుల్లో ఒళ్లు ఆ గాలికి అలవాటు పడుతుంది. ఆ కొండలు అడిగే నిదానం సైకిల్‌కు పుట్టుకతోనే ఉంది.

అభ్యంతరాలకు జవాబు

ఇంత ఎత్తులో తొక్కడమే ప్రమాదం కదా అంటారు. నిజమే, అలవాటు పడకముందు శ్రమపడితే పర్వత అస్వస్థత ముదురుతుంది. లేహ్‌లో రెండు మూడు రోజులు ఆగకుండా బయల్దేరడం, తలనొప్పీ వాంతులూ మొదలయ్యాక కూడా పైకే పోవడం ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఈ నియమంతోపాటు కోర్జోక్‌లో, త్సో కర్ దగ్గరి థుక్జేలో ఆక్సిజన్, రోగిని వెంటనే కిందికి దించే వాహనం తప్పనిసరిగా ఉండాలి. సైకిల్ కుర్రకారుకే కదా, పెద్దవాళ్లు, నడవలేనివాళ్లు సరస్సు చూడొద్దా అన్నది అంతకంటే బరువైన ప్రశ్న. బస్సు ఉండాలనడం వాళ్ల కోసమే. సరస్సు అందరిదీ. అక్కడిదాకా సొంత కారులో పోవడం మాత్రం హక్కు కాదు.

స్థానికుల బతుకు మాటేమిటన్నది అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం. లేహ్‌లో టాక్సీ నడిపేవాళ్లూ లద్దాఖీలే, వాళ్ల సంపాదనను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే కారు వచ్చిన పూటే తిరుగుముఖం పడితే కోర్జోక్‌లో మిగిలేది టీ డబ్బులే. సైకిల్ మీద వచ్చినవాళ్లు చీకటి పడితే ఆగక తప్పదు, అన్నం తినక తప్పదు, ఎవరో ఒకరి ఇంట్లో పడుకోక తప్పదు. ఆ రూపాయి నేరుగా ఊళ్లోకి వెళ్తుంది. మాహె నుంచి నడిచే బస్సుల ఉద్యోగాలు ఆ డ్రైవర్లకే ముందు ఇవ్వాలి. ఊరివాళ్ల బండ్లకు, పశువుల వెంట తిరిగే చాంగ్‌పాల వాహనాలకు, సైన్యానికి, అంబులెన్సులకు ఏ ఆంక్షా ఉండకూడదు. పైగా సరస్సును కాపాడాలన్న ఆలోచన బయటివాళ్లు అంటగట్టింది కాదు. 2000లోనే కోర్జోక్ ప్రజలు త్సో మోరిరిని జీవజాలానికి పవిత్రమైన కానుకగా ప్రకటించారు. నియమం రాసే కలం మొదట వాళ్ల చేతికే ఇవ్వాలి.

విమానంలో లేహ్‌కు వచ్చి అక్కడ సైకిలెక్కితే పర్యావరణానికి ఒరిగేదేమిటని కూడా అడగవచ్చు. విమానం పొగను సైకిల్ కడిగేయదు. ఇక్కడి వాదన భూగోళం మొత్తం గురించి కాదు, ఆ వంద కిలోమీటర్ల దారి గురించి, ఆ రెండు నీటి మడుగుల గురించి. అక్కడ మాత్రం తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇలాంటి నియమం కొత్తదీ కాదు. మహారాష్ట్రలోని మాథెరాన్‌కు కార్లు దస్తూరీ నాకా దగ్గరే ఆగిపోతాయి, అయినా ఆ ఊరికి జనం రావడం మానలేదు. అమెరికాలోని దెనాలి జాతీయ పార్కులో 1972 నుంచి వేసవిలో సొంత కార్లకు మొదటి 15 మైళ్లే అనుమతి, ఆపైన బస్సులు, సైకిళ్లు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. త్సో మోరిరి, మన కొల్లేరు రెండూ 2002లోనే చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరాయి. అప్పటికే కొల్లేటి నడిబొడ్డున చేపల చెరువుల గట్లు లేచాయి. ఆ తర్వాత నాలుగేళ్లకు వాటిని పేల్చి కూల్చాల్సి వచ్చింది, ఆ చెరువుల మీద బతికినవాళ్లు వీధిన పడ్డారు, వివాదం నేటికీ తెగలేదు. ముందే ఆపి ఉంటే అటు పక్షులకూ ఇటు పేదలకూ ఆ కష్టం తప్పేది. త్సో మోరిరిలో కూల్చాల్సిన గట్లు ఇంకా లేవలేదు. అక్కడ వేసవిలో గుడ్లు పొదిగే బార్‌హెడెడ్ గూస్ జాతి బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి చలికాలం గడపడానికి దక్షిణాది చెరువులదాకా వస్తాయి. తలమీద రెండు నల్లచారలున్న ఆ చుట్టాలకు ఇక్కడ మనం చెరువు మిగల్చాలి. అక్కడికి మనం చుట్టాలుగా వెళ్లినప్పుడు మాహె వంతెన దగ్గర ఇంజన్ ఆపాలి.